అర్ధపాదం (ఛందస్సు)

అర్ధపాదం అనగా పద్యంలోని ఒక పాదాన్ని ఛందోనియమం ప్రకారం రెండుగా విభజించినపుడు వచ్చే భాగాలలో ఒకటి. దీనిని గ్రీకు నుండి వచ్చిన పేరుతో ఐరోపా భాషలలో హెమిస్టిక్ అంటారు. గ్రీకులో 'హెమి' అంటే సగం, 'స్టిఖోస్' అంటే వరుస లేక పాదం. ప్రపంచంలోని అనేక కవితా సంప్రదాయాలలో పొడవైన పాదం ఇట్లు రెండుగా విడుతుంది. అయితే ఆ విడుపు దగ్గర జరిగే పని అన్ని భాషలలోనూ ఒకటి కాదు. కొన్ని భాషలలో అక్కడ చదువరి ఆగుతాడు. కొన్ని భాషలలో అక్కడ ధ్వని సామ్యం రెండు భాగాలను ముడివేస్తుంది. మరికొన్నింటిలో అర్ధపాదమే కవి అల్లికకు మూలమైన కొలమానం. తెలుగు పద్యంలోని యతిని అర్థం చేసుకోవడానికి ఈ భేదం చాలా ముఖ్యం.

పదం, పరిధి

'అర్ధ' (ధకారం) అంటే సగం, 'అర్థ' (థకారం) అంటే భావం లేదా ధనం. ఈ వ్యాసంలోని మాట మొదటిది. సంస్కృతంలో పద్యానికి సాధారణంగా నాలుగు పాదాలు ఉంటాయి. అందులో రెండు పాదాలు కలిస్తే శ్లోకార్ధం అవుతుంది. అందుచేత సంస్కృత గ్రంథాలలో కేవలం 'అర్ధం' అని ఉంటే అది పద్యంలో సగమే తప్ప పాదంలో సగం కాదు. అర్ధపాదం దానికంటే చిన్నది. అది ఒకే పాదం లోపలి ముక్క.

ఇక్కడ 'సగం' అన్న మాటను గణితంలోని సగంగా తీసుకోరాదు. ఫ్రెంచి అలెగ్జాండ్రిన్‌లో రెండు భాగాలు సరిగా సమానం. సంస్కృత శార్దూలవిక్రీడితంలో అవి 12, 7 అక్షరాలు. పోలిష్ భాషలోని 13 అక్షరాల పాదం 7, 6గా విడుతుంది. ఆడమ్ మిత్స్కియెవిచ్ 1834లో ప్రచురించిన 'పాన్ తదేవుష్' కావ్యం ఈ పాదంతోనే నడిచింది. సెర్బియా వీరగాథల 10 అక్షరాల పాదం 4, 6గా విడుతుంది.

అర్ధపాదం చేసే మూడు పనులు

వివిధ భాషల ఛందస్సులను పోల్చి చూస్తే అర్ధపాదాల మధ్య జరిగే పనిని మూడు విధాలుగా చెప్పవచ్చు.

1. విరామం: మొదటి భాగం చివర మాట పూర్తి కావాలి, గొంతు ఆగాలి. సంస్కృత యతి, ఫ్రెంచి పాదమధ్య విరామం ఈ కోవలోనివి.
2. బంధం: రెండవ భాగంలోని ఒక ధ్వని మొదటి భాగంలోని ధ్వనితో కలవాలి. తెలుగు యతి, ప్రాచీన ఆంగ్లంలోని ఆద్యక్షర మైత్రి ఇటువంటివి.
3. అల్లిక ప్రమాణం: కవి లేదా గాయకుడు పద్యాన్ని అక్షరం అక్షరంగా కాక అర్ధపాదం అర్ధపాదంగా కూర్చుతాడు. మౌఖిక వీరగాథలలో ఇది స్పష్టంగా కనబడుతుంది.

ఒకే సంప్రదాయంలో ఈ మూడింటిలో రెండు కలిసి ఉండవచ్చు. ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నదే ఒక ఛందస్సును మరొక ఛందస్సు నుండి వేరుచేస్తుంది.

గ్రీకు, లాటిన్ భాషలు

హోమర్ పేరిట ఉన్న ఇలియడ్, ఒడిస్సీ కావ్యాలు హెక్సామీటర్ అనే ఆరు గణాల పాదంలో ఉన్నాయి. వీటిలోని గణం మన భగణమే, అనగా ఒక గురువు, రెండు లఘువులు. రెండు లఘువుల స్థానంలో ఒక గురువు రావచ్చు, అప్పుడది గగం అవుతుంది. ఈ పాదంలో మూడవ గణం సరిగా పూర్తయిన చోట విరుపు రాదు. సాధారణంగా మూడవ గణం మధ్యలోనే మాట ముగిసి విరుపు వస్తుంది. దీని వలన పాదం రెండు అసమాన భాగాలు అవుతుంది. రెండు భాగాలు ఒకే నడకలో మొదలుకావు కనుక పొడవైన కావ్యంలో కూడా విసుగు కలుగదు.

అమెరికాకు చెందిన మిల్‌మన్ ప్యారీ (1902–1935) హోమర్ కావ్యాలలో మరల మరల వచ్చే విశేషణ సహిత నామాలను పరిశీలించి, 1928లో పారిస్‌లో తన సిద్ధాంత గ్రంథాలను సమర్పించాడు. ఒక వీరుని పేరు విరుపు తరువాత పాదాంతం వరకు ఉన్న ఖాళీని సరిగా నింపేటట్లు తయారైన పదబంధాలు ఉన్నాయని, అటువంటివి తరతరాల గాయకుల సొత్తు అని ఆయన చూపించాడు. తరువాత 1933–35 మధ్య శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్‌తో కలిసి నాటి యుగోస్లావియాలో జీవించి ఉన్న గాథాగాయకుల పాటలను రికార్డు చేశాడు. లార్డ్ 1960లో ప్రచురించిన 'ద సింగర్ ఆఫ్ టేల్స్' ఈ పరిశోధనకు ప్రసిద్ధ గ్రంథం. చదువురాని గాయకుడు వేల పాదాలను ఆశువుగా ఎట్లు చెప్పగలడు అన్న ప్రశ్నకు వారి జవాబులో అర్ధపాదం ప్రధానమైనది. గాయకుడు ఒక ముక్కను పలుకుతుండగానే తరువాతి ముక్క మనసులో సిద్ధమవుతుంది.

గ్రీకు, లాటిన్ ద్విపదిక ఒకదానిలో (ఎలిజియాక్ కప్లెట్) మొదటి పాదం హెక్సామీటర్, రెండవది పెంటామీటర్. ఈ రెండవ పాదం రెండు సమాన భాగాలుగా ఉంటుంది. ప్రతి భాగంలో రెండు గణాలు, ఆపైన ఒక గురువు. మొదటి భాగంలో భగణానికి బదులు గగం రావచ్చు కాని రెండవ భాగంలో రాకూడదు.

వర్జిల్ అసంపూర్ణ పాదాలు

అర్ధపాదం ప్రసక్తి వచ్చినపుడు రోమన్ కవి వర్జిల్ రచించిన ఈనియడ్ కావ్యాన్ని తప్పక చెప్పుకోవాలి. 12 సర్గలు, దాదాపు 9,900 పాదాలు ఉన్న ఈ కావ్యంలో 50కి పైగా పాదాలు మధ్యలోనే ఆగిపోయి ఉన్నాయి. కవి క్రీ.పూ. 19లో మరణించే నాటికి కావ్యానికి తుది మెరుగులు దిద్దడం పూర్తి కాలేదు. చక్రవర్తి ఆగస్టస్ ఆజ్ఞపై వేరియస్, టుక్కా అనే మిత్రులు దానిని వెలువరించారు. వారు ఆ ఖాళీలను పూరించలేదు.

ప్రాచీన జీవితచరిత్రలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. రాత వేగం తగ్గకుండా ఉండేందుకు కవి కొన్ని చోట్ల తాత్కాలికమైన పంక్తులు పెట్టి, రాతి స్తంభాలు వచ్చేవరకు కట్టడాన్ని నిలిపే ఊతకర్రలు అని వాటిని సరదాగా పిలిచేవాడట. ఆగిపోయిన పాదాలలో ఒక్కటి మినహా మిగిలిన వాటిలో భావం పూర్తిగానే ఉంటుంది. అందుచేత కొందరు విమర్శకులు కవి కావాలనే వాటిని అట్లు వదిలాడని వాదించారు. ఎక్కువమంది మాత్రం అవి అసంపూర్ణతకు గుర్తులనే భావిస్తారు. ఏది ఏమైనా, సంపాదకులు కవి రాయని సగాన్ని తామే రాయకుండా వదిలిపెట్టడం గ్రంథ పరిష్కరణలో గొప్ప నిజాయితీకి ఉదాహరణ.

ప్రాచీన ఆంగ్లం, ఉత్తర ఐరోపా భాషలు

ప్రాచీన ఆంగ్ల పద్యానికి అర్ధపాదమే ప్రాణం. 3,182 పాదాలు ఉన్న బేవుల్ఫ్ ఈ పద్ధతికి ముఖ్యమైన ఉదాహరణ. ప్రతి పాదంలో రెండు అర్ధపాదాలు, ప్రతి అర్ధపాదంలో రెండు బలమైన ఊనికలు, మొత్తం నాలుగు ఊనికలు ఉంటాయి. నియమం ఏమనగా, మూడవ ఊనిక గల అక్షరం (రెండవ అర్ధపాదంలో మొదటిది) మొదటి రెండు ఊనికలలో ఒకదానితోగాని, రెండింటితోగాని ఆద్యక్షర మైత్రి కలిగి ఉండాలి. నాలుగవ ఊనిక ఈ మైత్రిలో చేరకూడదు. హల్లుకు అదే హల్లు మైత్రి. అచ్చులు మాత్రం ఏ అచ్చుకు ఏ అచ్చయినా సరిపోతుంది.

జర్మన్ పండితుడు ఎడువార్డ్ సీవర్స్ 19వ శతాబ్ది చివరలో ఈ అర్ధపాదాలను ఊనికల క్రమాన్ని బట్టి ఐదు రకాలుగా విభజించాడు. ఆయన వర్గీకరణ పాదానిది కాదు, అర్ధపాదానిది. ఈ ఛందస్సులో కొలత పాదానికి కాక అర్ధపాదానికే ఉందని దీనివలన తెలుస్తుంది.

ఇదే పద్ధతి ప్రాచీన జర్మన్, శాక్సన్, నార్స్ భాషలలో కూడా ఉంది. ఐస్‌లాండ్ పండితుడు స్నోర్రి స్టుర్లుసన్ (1179–1241) తన లక్షణ గ్రంథంలో మొదటి అర్ధపాదంలోని మైత్రి అక్షరాలను 'ఊతలు' అనే అర్థం గల మాటతోను, రెండవ అర్ధపాదంలోని దానిని 'తల అక్షరం' అనే అర్థం గల మాటతోను పిలిచాడు. మధ్యయుగపు జర్మన్ నీబెలుంగెన్‌లీడ్‌లో ప్రతి దీర్ఘపాదం రెండు అర్ధపాదాలు. అక్కడ పద్యంలోని చివరి అర్ధపాదం మిగిలిన వాటికంటే ఒక ఊనిక ఎక్కువ కలిగి, పద్యం ముగిసిందని వినేవారికి తెలియజేస్తుంది.

అరబ్బీ, పారసీకం, ఉర్దూ

అరబ్బీలో పద్యపాదాన్ని బైత్ అంటారు. ఆ మాటకు ఇల్లు, గుడారం అని అర్థం. దానిలో సగాన్ని మిస్రా అంటారు. మిస్రా అంటే జంట తలుపులలో ఒక రెక్క. ఒక్క రెక్కతో వాకిలి మూతపడదు. మొదటి సగాన్ని రొమ్ము (సద్ర్) అని, రెండవ సగాన్ని వెనుకభాగం (అజుజ్) అని పిలుస్తారు. ఈ ఛందశ్శాస్త్రాన్ని 8వ శతాబ్దిలో బస్రా నగరానికి చెందిన అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్ క్రమబద్ధం చేశాడు. ఆయన 15 ఛందస్సులను చెప్పగా తరువాత పదహారవది చేరింది. మొదటి సగంలోని చివరి గణానికి, రెండవ సగంలోని చివరి గణానికి వేరువేరు పేర్లు, వేరువేరు నియమాలు ఉన్నాయి.

కసీదాలో మొదటి బైత్ రెండు సగాల చివరలు ప్రాసతో కలుస్తాయి. ఆ తరువాత ప్రతి బైత్ రెండవ సగం చివర మాత్రమే ప్రాస వస్తుంది. వినేవాడు మొదటి బైత్‌లోనే ప్రాస ఏమిటో తెలుసుకొని, ఆపైన ప్రతి రెండవ సగం కోసం ఎదురు చూస్తాడు. అరబ్బీలో ఒక మాట మొదటి సగంలో మొదలై రెండవ సగంలో ముగియడం కూడా ఒప్పుకోబడింది.

పారసీకం, ఉర్దూలలో పాదద్వయాన్ని షేర్ అని, దానిలోని ఒక్కొక్క వరుసను మిస్రా అని అంటారు. గజల్‌లోని తొలి షేర్ (మత్లా)లో రెండు మిస్రాలకు అంత్యప్రాస ఉంటుంది. తరువాతి షేర్లలో రెండవ మిస్రాకే ఉంటుంది. 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ ఉర్దూలో గజళ్ళు రాశాడు. ముషాయిరాలలో మొదటి మిస్రాను కవి రెండు మూడుసార్లు చదవడం, సభ దానిని తిరిగి పలకడం, అందరూ ఉత్కంఠతో ఉండగా రెండవ మిస్రా విడుదల చేయడం ఆచారం. ఇక్కడ సగానికి, సగానికి మధ్య నిశ్శబ్దం కూడా కవితలో భాగమే. దాశరథి, సి.నారాయణరెడ్డి మొదలైన కవుల ద్వారా గజల్ తెలుగులోకి వచ్చినపుడు ఈ రెండు మిస్రాల నిర్మాణం కూడా దానితో వచ్చింది.

ముందుగా ఒక మిస్రా ఇచ్చి, అదే ఛందస్సులో, ప్రాసలో గజల్ చెప్పమనే తరహీ ముషాయిరాలు ఉన్నాయి. మన అవధానాలలోని సమస్యాపూరణానికి ఇది దగ్గరి చుట్టం. రెండింటిలోనూ ఇచ్చిన ముక్క ఛందస్సును, ధ్వనిని నిర్ణయిస్తుంది, మిగిలిన భావం కవి కల్పించుకోవాలి.

హీబ్రూ

బైబిలు పాతనిబంధనలోని కీర్తనలు, సామెతలు మొదలైన వాటిలో పాదం సాధారణంగా రెండు భాగాలు. వాటిని కలిపేది అక్షర సంఖ్య కాదు, ప్రాస కాదు, భావ సమాంతరత. మొదటి సగం చెప్పినదానిని రెండవ సగం మరో మాటలతో చెబుతుంది, లేదా దానికి వ్యతిరేకం చెబుతుంది, లేదా దానిని ముందుకు నడుపుతుంది. రాబర్ట్ లౌత్ 1753లో ప్రచురించిన ఉపన్యాసాలలో ఈ మూడు రకాలను వివరించాడు. జేమ్స్ కుగెల్ 1981లో, రెండవ సగం కేవలం పునరుక్తి కాదనీ, అది మొదటిదానిని మరింత తీవ్రం చేస్తుందనీ వాదించాడు. భావంతో కట్టిన పాదం కనుక ఇది అనువాదంలో చెడదు. కీర్తనల తెలుగు అనువాదం చదివేవారికి కూడా ఈ జంట నడక తెలుస్తూనే ఉంటుంది.

10వ శతాబ్దిలో దునాష్ బెన్ లబ్రాత్ అరబ్బీ ఛందస్సును హీబ్రూలోకి తెచ్చాడు. అప్పటి నుండి హీబ్రూ కవులు కూడా మొదటి సగాన్ని 'తలుపు' అని, రెండవ సగాన్ని 'మూసేది' అని పిలిచారు.

ఫ్రెంచి

ఫ్రెంచి భాషలోని అలెగ్జాండ్రిన్ పాదానికి 12 అక్షరాలు. 12వ శతాబ్దిలో అలెగ్జాండర్ చక్రవర్తి కథను ఈ పాదంలో రాయడం వలన ఆ పేరు వచ్చింది. శాస్త్రీయ నియమం ప్రకారం ఆరవ అక్షరం వద్ద మాట ముగియాలి, ఊనిక పడాలి. బ్వాలో 1674లో తన 'కావ్యకళ'లో అర్ధపాదం వద్ద విశ్రాంతి ఉండాలనీ, భావం కూడా అక్కడ మాటలను విడదీయాలనీ బోధించాడు. రాసీన్, కార్నెయ్ నాటకాలు ఈ పద్ధతిలో నడిచాయి. 19వ శతాబ్దిలో విక్టర్ హ్యూగో వంటి కాల్పనిక కవులు ఈ కట్టును సడలించి, 4, 4, 4గా మూడు ముక్కలయ్యే పాదాలను కూడా వాడారు. అయినా చెవికి 6, 6 నడక అలవాటై ఉండబట్టే ఆ మార్పు కొత్తగా వినిపించింది.

చైనా

తాంగ్ వంశ కాలపు (618–907) చైనా కవితలో ఐదు అక్షరాల పాదం 2, 3గాను, ఏడు అక్షరాల పాదం 4, 3గాను విడుతుంది. ఇక్కడ అక్షరమంటే ఇంచుమించు ఒక మాట. కనుక ఈ విడుపు అర్థానికి కూడా వర్తిస్తుంది. సాధారణంగా మొదటి భాగంలో స్థలమో కాలమో, రెండవ భాగంలో అక్కడ జరిగినదో కనబడినదో వస్తుంది. మూడు అక్షరాల ముగింపు వలన పాదం చివర సరి బేసి నడక మారి విరామం తెలుస్తుంది.

సంస్కృతం

సంస్కృత ఛందస్సులో యతి అంటే విచ్ఛేదం, అనగా పాదం నడుమ శ్వాస ఆగే చోటు. పింగళుని సూత్రాల నుండి ఈ నియమం ఉంది. ఎనిమిది అక్షరాల అనుష్టుప్పు వంటి చిన్న పాదాలకు నడుమ విరామం అక్కరలేదు. పొడవైన పాదాలకు కావాలి. శార్దూలవిక్రీడితంలో 12 అక్షరాల తరువాత, శిఖరిణిలో 6 అక్షరాల తరువాత యతి వస్తుంది. మందాక్రాంతలో 4, 6, 7గాను, స్రగ్ధరలో 7, 7, 7గాను పాదం మూడు ముక్కలవుతుంది. ఆ స్థానంలో మాట పూర్తి కాకపోతే యతిభంగం అనే దోషం చెబుతారు. సంధి వలన, సమాసాల వలన కొన్ని సడలింపులు ఉన్నాయి.

తెలుగు

తెలుగులో యతి అనే పేరు సంస్కృతానిదే, పని మాత్రం వేరు. తెలుగు యతి విరామం కాదు, అక్షర మైత్రి. పాదం మొదటి అక్షరానికి, నియమించిన స్థానంలోని అక్షరానికి పొందిక ఉండాలి. దీనినే వడి, వళి అని కూడా అంటారు. హల్లుకు మాత్రమే కాక దానితో కూడిన అచ్చుకు కూడా మైత్రి చూడాలి. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు.

శార్దూలాన్ని పోల్చి చూస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. సంస్కృతంలో 12వ అక్షరం తరువాత ఆగాలి. తెలుగులో 13వ అక్షరం మొదటి అక్షరంతో కలవాలి. చోటు ఒక్కటే. సంస్కృత కవి మాటను ఎక్కడ తెంపుతాడో, సరిగా అక్కడే తెలుగు కవి ముడి వేస్తాడు. ఇతర ప్రసిద్ధ వృత్తాలలో ఉత్పలమాలకు 10వ అక్షరం, చంపకమాలకు 11వ అక్షరం, మత్తేభానికి 14వ అక్షరం యతిస్థానాలు.

ద్విపదలో ప్రతి పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడవ గణం మొదటి అక్షరం యతిస్థానం. ఈ వ్యాసం కోసం కూర్చిన ఒక ద్విపదను చూడండి.

చెరువులో నీరుండ | చేలెల్ల పండు
పరుగెత్తి నీరెల్ల | పాదులఁ జేరు

మొదటి పాదంలో చె, చే లకు, రెండవ పాదంలో ప, పా లకు మైత్రి. పాదాల రెండవ అక్షరాలైన రు, రు లకు ప్రాస. ఇక్కడ యతిస్థానంలో కొత్త మాట మొదలవుతున్నందున అర్ధపాదాలు చెవికి స్పష్టంగా విడిపోతాయి. కాని అది నియమం కాదు. మరొక పాదం:

రాలిన పూలు చీరలఁ బోసి తెచ్చె

దీని గణాలు: రాలిన, పూలు చీ, రలఁ బోసి, తెచ్చె. యతి 'చీరల' అనే మాట మధ్యలో ఉన్న రకారం మీద పడింది. రా, ర లకు మైత్రి కుదిరింది కనుక పాదం నిర్దోషం. యతి అంటే ఆగేచోటని తలచి 'చీ' దగ్గర ఆపి చదివితే మాట విరిగిపోతుంది. పద్యపఠనంలో తరచుగా జరిగే పొరపాటు ఇదే. తెలుగు పద్యాన్ని అర్థాన్ని బట్టి ఆపాలి. యతి తన పనిని తానే చెవిలో చేసుకుంటుంది.

సీసపద్యం

తెలుగులో అర్ధపాదానికి అచ్చమైన ఉదాహరణ సీసం. సీసపాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, మొత్తం ఎనిమిది గణాలు. ఇది రెండు సగాలు అవుతుంది. మొదటి సగంలో నాలుగు ఇంద్రగణాలు, రెండవ సగంలో రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ప్రతి సగంలోనూ మూడవ గణం మొదటి అక్షరానికి ఆ సగం మొదటి అక్షరంతో యతి లేదా ప్రాసయతి చెల్లాలి. ఒక సగానికి మరొక సగంతో అక్షర మైత్రి అవసరం లేదు.

అనగా ఇక్కడ ముడి రెండు సగాల మధ్య కాదు, ఒక్కొక్క సగం లోపల ఉంది. కనుక సీసంలో సగపాదం తానే ఒక చిన్న పాదంగా ప్రవర్తిస్తుంది. అచ్చు పుస్తకాలలో నాలుగు సీసపాదాలను ఎనిమిది వరుసలుగా వేయడానికి కారణం ఇదే. మొదటి సగంలో ఒక విషయం ఎత్తుకొని రెండవ సగంలో దానిని ముగించడం, అట్లు నాలుగుసార్లు చేసి చివరి తేటగీతిలోనో ఆటవెలదిలోనో సమన్వయించడం సీసంలో కవులకు ఇష్టమైన అల్లిక.

తరువోజ, మధ్యాక్కర, కందం

తరువోజ పాదం రెండు ద్విపద పాదాలను కలిపినట్లు ఉంటుంది. 3, 5, 7 గణాల మొదటి అక్షరాలు పాదాది అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి. సీసానికి భిన్నంగా ఇక్కడ రెండు సగాలూ ఒకే అక్షరంతో కట్టబడి ఉంటాయి. 9వ శతాబ్దికి చెందిన పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ ఉండడం వలన ఈ కట్టు నన్నయకు ముందు నుండే తెలుగులో ఉన్నదని తెలుస్తుంది.

మధ్యాక్కర పాదంలో రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మరల అదే వరుస. నన్నయ యతిని ఐదవ గణం మీద ఉంచాడు. తరువాతి వారు నాలుగవ గణం మీద ఉంచారు. నాలుగవ గణం మీద ఉంచితే పాదం సరిగా రెండు సమాన అర్ధపాదాలు అవుతుంది. అంటే యతి కదిలితే పాదం విడిపోయే చోటు కూడా కదులుతుంది.

కందంలో 1, 3 పాదాలకు మూడు గణాలు, 2, 4 పాదాలకు ఐదు గణాలు. యతి 2, 4 పాదాలలో మాత్రమే ఉంటుంది. రెండేసి పాదాలు కలిసి ఎనిమిది గణాల ఒక అర్ధం అవుతుంది. కందం ఆర్య, స్కంధకం మొదలైన ప్రాకృత సంస్కృత మాత్రాఛందస్సుల వంశానికి చెందినది కావడమే దీనికి కారణం.

పొరుగు భాషలు, దూరపు భాషలు

కన్నడ కవులు ద్వితీయాక్షర ప్రాసను నిలుపుకున్నారు కాని యతిని మైత్రిగా మార్చలేదు, విరామ నియమాన్ని కూడా తరచు పాటించలేదు. తమిళంలో మోనై అనే ఆద్యక్షర మైత్రి ఉంది. నాలుగు సీర్ల పాదంలో 1, 3 సీర్లకు మోనై కుదరడాన్ని పొళిప్పు మోనై అంటారు. ఇది మన ద్విపద యతిస్థానానికి సరిగా సరిపోతుంది. అయితే తమిళంలో ఇది అందం, తెలుగులో విధి.

తెలుగు యతికి పనిని బట్టి దగ్గరగా వచ్చే మరొక పద్ధతి ప్రాచీన ఆంగ్లానిది. రెండింటిలోనూ రెండవ భాగాన్ని మొదటి భాగానికి కట్టేది మాట మొదటి ధ్వనే. రెండు భాషలకు ఈ విషయంలో ఏ సంబంధమూ లేదు, వేరువేరుగా ఇదే ఉపాయం కనుగొన్నాయి. భేదాలు కూడా గమనించదగినవి. ఆంగ్లంలో మైత్రి ఊనిక గల అక్షరానికి, తెలుగులో గణంలోని మొదటి అక్షరానికి. ఆంగ్లంలో హల్లు చాలు, తెలుగులో అచ్చు కూడా కలవాలి. ఆంగ్లంలో అర్ధపాదాల మధ్య మాట విరగదు, తెలుగులో విరగవచ్చు.

నాటకాలలో అర్ధపాదం

గ్రీకు విషాదాంత నాటకాలలో ఒకే పాదాన్ని ఇద్దరు పాత్రధారులు పంచుకొని పలకడం ఉంది. కోపం, తొందర, భయం పెరిగిన చోట సోఫోక్లీస్, యురిపిడీస్ దీనిని వాడారు. షేక్‌స్పియర్ నాటకాలలో కూడా ఒకరు మొదలుపెట్టిన పాదాన్ని మరొకరు పూర్తిచేస్తారు. రెండవ పాత్ర ఆలస్యం చేయకుండా అందుకోవాలని ఇది నటునికి సూచన. 1623 నాటి ఫోలియో ముద్రణలో ఇటువంటి అర్ధపాదాలన్నీ ఎడమ అంచు నుండే అచ్చయ్యాయి. రెండవ సగాన్ని మొదటి సగం ముగిసిన చోటి నుండి కుడివైపుకు జరిపి అచ్చువేసే పద్ధతి జార్జ్ స్టీవెన్స్ 1793 ముద్రణతో స్థిరపడింది.

రాతలో, అచ్చులో

అర్ధపాదం మొదట చెవికి సంబంధించినది, కంటికి కాదు. బేవుల్ఫ్ ఏకైక రాతప్రతిలో పద్యం వచనంలాగా వరుసగా రాసి ఉంది. 19వ శతాబ్ది తొలి సంపాదకులలో కొందరు అర్ధపాదాన్నే ఒక వరుసగా వేశారు. ఇప్పుడు రెండింటిని ఒకే వరుసలో ఉంచి నడుమ ఖాళీ వదులుతారు. అరబ్బీ ప్రతులలో రెండు సగాలను రెండు నిలువు వరుసలుగా రాయడం సంప్రదాయం. స్పానిష్ గాథాగీతాలను 16 అక్షరాల పాదాలుగా కొందరు, 8 అక్షరాల చిన్న వరుసలుగా కొందరు ముద్రిస్తారు.

మన తాటాకు ప్రతులలో కూడా పద్యాన్ని ఆకు పొడవునా ఆగకుండా రాసేవారు. పాదాలను, సగాలను గుర్తించడానికి పాఠకునికి ఛందోజ్ఞానమే ఆధారం. అందువలన అప్పకవి వంటి లాక్షణికులు చెప్పిన యతిప్రాస నియమాలకు గ్రంథ పరిష్కరణలో కూడా ఉపయోగం ఉంది. ప్రతిలో అక్షరం చెదిరిపోయినపుడు యతిస్థానంలో ఏ అక్షరాలు రావడానికి వీలుందో పరిష్కర్తకు తెలుస్తుంది. లేఖకుడు మార్చిన మాట కూడా యతి తప్పిన చోట బయటపడుతుంది. విరామంతో మాత్రమే విడిపోయే ఛందస్సులలో ఈ సౌకర్యం లేదు.

అనువాదంలో కూడా ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. విరామం గల పాదాన్ని తెలుగులోకి తెచ్చేటపుడు యతిని పాటించినంత మాత్రాన ఆ విరామం రాదు. కావాలంటే అక్కడ మాటను కూడా ముగించాలి. అట్లే తెలుగు పద్యాన్ని ఇతర భాషలోకి తీసుకువెళ్ళేటపుడు యతిస్థానంలో వరుసను విరిచితే, కవి కలిపినదాన్ని అనువాదకుడు విడదీసినట్లవుతుంది.

ఇవి కూడా చూడండి

యతి
ప్రాస
ద్విపద
సీస పద్యం
తరువోజ
గజల్
అవధానం